రెండు మైనం బిళ్ళలు

13-11-77, ఆదివారం

ఉసిరికాయ పచ్చడి పెట్టాను. నాలుగు జాడీలు. ఒకటి గుడివాడలో చెల్లెలు రమాదేవికి, ఒకటి ఎదురింటి నూర్ బీకి, రెండు ఇంట్లోకి.

పోయినేడు రమకి పంపిన జాడీ బస్సులో ఒరిగి, మూత దగ్గర చెమ్మ చేరింది. నెల తిరక్కుండా బూజు పట్టిందని ఉత్తరం రాసింది. నా చేతి పచ్చడికి బూజన్న మాట అంతకు ముందు ఎవరూ అనలేదు. అందుకని ఈసారి నాలుగు జాడీల మూతులూ మైనంతో మూసేశాను.

మైనం ఆయన పనిపెట్టెలోది. నాలుగు బిళ్ళలుంటే రెండు తీశాను. ఆయన ఫోను కేబుళ్ళు అతకడానికి ఏ జాయింటుకి వెళ్ళినా నాలుగు తీసుకెళ్తారు, రెండు వెనక్కి తెస్తారు. ఏడాదిగా చూస్తున్నాను, ఒక్కసారీ తప్పలేదు. లెక్క ప్రకారం రెండు చాలు.

మైనం కరిగించి, గరిటెతో మూత చుట్టూ పోసి, మడతపెట్టిన గుడ్డతో ఒక్క చుట్టున నిమిరాను. పెళ్ళయిన కొత్తలో ఆయన వరండాలో కూర్చుని, కరిగిన సీసంతో కేబుల్ అతుకు మూయడం సాధన చేసేవారు. చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు నిమరాలనేవారు. చెయ్యి ఆగితే అక్కడ సందు పడుతుంది. నాకు చెయ్యి ఆగలేదు. ఆయనకి చూపించాలి.

14-11-77, సోమవారం

ఆయన తొలి బస్సుకి వెళ్ళారు. నాగాయలంక దిగువన ఐసు ఫ్యాక్టరీకి ఫోను లైను. ఉప్పుగాలికి పైతీగలు తుప్పుపట్టి తెగిపోతున్నాయని ఈసారి భూమిలో కేబుల్ వేశారు. ఆ ఫ్యాక్టరీలో గుమస్తా నూర్ బీ మొగుడు నబీయే. వారమంతా అక్కడుంటాడు, గురువారం సాయంత్రం బందరు వచ్చి, శుక్రవారం నమాజు అయ్యాక మళ్ళీ వెళ్తాడు.

క్యారేజీ కడుతుంటే ఆయన చెప్పారు. "ఈ జాయింటు తిరకాసుది అమ్మాజీ. సగం దూరం పాత సీసం కేబుల్. దాని లోపల రాగి తీగలకి కాగితం చుట్టి ఉంటుంది. అక్కణ్ణుంచి కొత్త ప్లాస్టిక్ కేబుల్ ఇచ్చారు. రెంటినీ కలపాలి."

"రెండింట్లోనూ రాగి తీగలేగా?"

"తీగకి తీగ అతుకుతుంది. పేచీ అంతా పైన చుట్టినదాంతోనే. కాగితంలో చెమ్మ పోవాలంటే మరిగే మైనం పొయ్యాలి. ఆ వేడి ప్లాస్టిక్‌కి తగిలితే కరిగిపోతుంది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పొయ్యాలి. మజ్జిగ తాగే బిడ్డకీ కల్లు తాగే మొగుడికీ ఒకే పంక్తిలో వడ్డించినట్టు."

"మీ సూపర్వైజరు అతకదన్నాడుగా?"

"రాధాకృష్ణమూర్తి ఎప్పుడైనా మైనం పట్టుకున్నాడా? అతికి చూపిస్తానన్నాను."

ఈ హడావిడిలో మైనం సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆయన వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. ఫరవాలేదు. ఎప్పుడూ రెండు మిగులుతాయి.

15-11-77, మంగళవారం

చీకటి పడే వేళకి వచ్చారు. చొక్కా మోచేతుల దాకా బురద. గుంటలోకి నీళ్ళు ఊరుతూనే ఉన్నాయట.

"పని అయిందా?"

"అయింది."

అన్నం తిన్నారు. జాడీలకి పోగా గిన్నెలో మిగిలిన ఉసిరికాయ రెండోసారి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి గూట్లో జాడీలను చాలాసేపు చూశారు. ఒకదాని మూత చుట్టూ బొటనవేలు తిప్పారు.

"బాగా మూశావే" అన్నారు.

మైనం ఎక్కడిదని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

17-11-77, గురువారం

నబీ వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు. "బాబాయిగారూ, ఫోను మనుషులకి ఇచ్చారా, కప్పలకి ఇచ్చారా? ఎత్తితే చాలు, బెకబెక! నాగాయలంక ఆపరేటరు హలో అంటున్నాడో అల్లా అంటున్నాడో తెలీట్లేదు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఎప్పట్నుంచి?" అన్నారు.

"నిన్న పొద్దుట్నుంచి. సాయంత్రానికి కప్పలు కూడా తగ్గాయి. తుమ్మెద ఒక్కటే మిగిలింది."

"సోమవారం వస్తాను. ఈలోగా దాన్నెవరూ కదిలించొద్దని చెప్పు."

"మీరొస్తే చాలు బాబాయ్. ఐసు లేకపోయినా ఫ్యాక్టరీ నడుస్తుంది కానీ, ఫోను మోగకపోతే మా ఓనరు నడవనివ్వడు."

మజ్జిగ తాగి వెళ్ళాడు. ఈ ఇంట్లో గ్లాసు ఎక్కడుంటుందో వాడికి తెలుసు. వాడే తీసుకుని, వాడే కడిగి పెడతాడు.

ఆయన పడుకునేటప్పుడు లేచి పనిపెట్టె తెరిచి చూసి, మళ్ళీ మూశారు.

18-11-77, శుక్రవారం

నూర్ బీకిచ్చిన జాడీ నబీ పట్టుకుపోయాడు. నూర్ బీ గుమ్మంలో నిలబడి అరుస్తోంది. "చూడండి పిన్నిగారూ, నాకిచ్చింది దొంగతనం చేసుకుపోతున్నాడు!"

"అక్కడ నాకు చేపలు తప్ప దిక్కులేదు పిన్నిగారూ. మీ అమ్మాయికి రోజూ మీ ఇంట్లోనే దొరుకుతుందిగా" అన్నాడు. జాడీని చంటిపిల్లలా ఎత్తుకుని వెళ్ళాడు. వచ్చే గురువారం తెరుస్తాడట, అందాకా ఊరుతుందని.

రేడియోలో వాయుగుండం అన్నారు. బట్టలు లోపల ఆరేశాను.

19-11-77, శనివారం. మధ్యాహ్నం రెండు

తెల్లారేసరికి గాలి. రేడియోలో తుఫాను మాట మళ్ళీ మళ్ళీ చెబుతున్నారు. ఎనిమిదింటికి నూర్ బీ వచ్చింది. తలమీద కొంగు నిలవడం లేదు.

"బాబాయిగారూ, మీ ఆఫీసునుంచి ఆయనకి ఒక్క ఫోను చెయ్యండి. పదకొండింటి బస్సు ఎక్కి వచ్చెయ్యమనండి. ఆయన సంగతి మీకు తెలుసుగా, నేను చెప్పమన్నానంటే రాడు. మీరు రమ్మన్నారని చెప్పండి."

ఇద్దరూ వెళ్ళారు. పదిన్నరకి తడిసి ముద్దై తిరిగొచ్చారు. నూర్ బీ తిన్నగా వాళ్ళింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన తల తుడుచుకోకుండా కుర్చీలో కూర్చున్నారు.

"నాగాయలంక దాకా వెళ్తోంది. అక్కడి ఆపరేటరు పలికాడు. ఐసు ఫ్యాక్టరీకి మాత్రం గంట వెళ్ళట్లేదు."

"సైకిలు మీద ఎవరినైనా పంపమనలేకపోయారా?"

"అన్నాను. ఈ గాలిలో ఎవరు కదుల్తారండీ అన్నాడు." చేతులు చూసుకుంటూ, "నా జాయింటు దాటట్లేదు అమ్మాజీ" అన్నారు.

రెండు రకాల కేబుళ్ళు. అతకవని రాధాకృష్ణమూర్తి గారు ముందే అన్నారు.

పదకొండింటి బస్సు వేళ దాటిపోయింది. గాలి మాట్లాడనివ్వడం లేదు. పెంకులు లేస్తున్నాయి.

20-11-77

మేమున్నాం. నూర్ బీ ఉంది.

22-11-77, మంగళవారం

దివిసీమ నుంచి వచ్చిన మాటలు ఇక్కడ రాయను.

ఆయన నిన్న లారీలో వెళ్ళారు. లైన్లు నిలబెట్టాలి. ఎన్నాళ్ళో తెలీదు.

24-11-77

నూర్ బీ పొద్దున్నే వచ్చి మా మెట్ల మీద కూర్చుంటోంది. ఇక్కణ్ణుంచయితే చల్లపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళు కనిపిస్తారని. బస్సుల్లేవు. లారీలు వస్తున్నాయి. ప్రతి లారీకీ లేచి నిలబడుతుంది.

అన్నం పెడితే తింటోంది. పచ్చడి వెయ్యలేదు.

27-11-77, ఆదివారం

తుఫానని రేడియోలో ముందే చెప్పారు. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పారు. ఐసు ఫ్యాక్టరీలోనూ రేడియో ఉండే ఉంటుంది. ఫోనొక్కటే ఆధారం కాదు.

ఆ ఊళ్ళో ఫోను లేని వాళ్ళెంతమంది? వాళ్ళంతా ఎవరి జాయింటు వల్ల పోయారు?

30-11-77

ఇంట్లో ఉన్న రెండు జాడీల మూతుల మీద మైనం చాకు మొనతో గీకాను. తునకలు ఒక్కటీ వదలకుండా ఏరాను. గిన్నెలో కరిగించి, గుడ్డతో వడకట్టి, సబ్బుపెట్టెలో పోసి ఆరబెట్టాను. ఒక బిళ్ళ అయింది. దాన్ని ఆయన పనిపెట్టెలో పెట్టాను. పెట్టె ఆయన తీసుకెళ్ళలేదు, స్తంభాల పనికి దాంతో అవసరం లేదు.

బిళ్ళ కొంచెం ఎర్రగా వచ్చింది. కారం. రెండుసార్లు వడకట్టినా పోలేదు.

ఇంకొక బిళ్ళ బాకీ. అందులో సగం గుడివాడలో ఉంది. సగం

9-12-77, శుక్రవారం

ఆయన వచ్చారు. మనిషి సగమయ్యారు. స్నానం చేసి, బట్టలు నన్ను ముట్టుకోవద్దని, వాటిని దొడ్లోనే తగలబెట్టారు.

నూర్ బీ మెట్ల మీదే ఉంది. ఆయన వెళ్ళి రెండు మెట్ల కింద కూర్చున్నారు.

"ఫ్యాక్టరీ గోడలు రెండున్నాయి. చుట్టుపక్కలంతా వెతికాను. ఆసుపత్రుల్లో, శిబిరాల్లో అడిగాను. దొరకలేదమ్మా."

"దొరకలేదంటే ఎక్కడో ఉన్నట్టేగా బాబాయ్?"

ఈరోజు శుక్రవారమని మా ముగ్గురికీ గుర్తుంది.

17-12-77

రమ ఉత్తరం. క్షేమ సమాచారాలు అడిగి, కింద ఇలా రాసింది. "జాడీ నిన్న విప్పాం అక్కా. ఈసారి ఏం మంత్రం వేశావో, ఒక్క చుక్క చెమ్మ లేదు, ఇవాళ పెట్టినట్టుంది. నీ మరిది నీ చేతికి దణ్ణం పెట్టాలంటున్నాడు."

ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

18-12-77

చెప్పాలి.

19-12-77

ఇవాళ ఆయనకి జ్వరం.

2-1-78, సోమవారం

జ్వరం తగ్గింది. ఇవాళ పనిలోకి వెళ్ళారు. పనిపెట్టె తీసుకెళ్ళారు. సాయంత్రం తెచ్చి ఎప్పటి చోటే పెట్టారు. నేను తెరిచి చూశాను. ఎర్ర బిళ్ళ లేదు. వాడేశారేమో.

పెట్టె మూసేశాను.

18-1-78, బుధవారం

ఆ జాయింటు తవ్వి తెరిచారట. కొత్త లైను వెయ్యాలంటే పాతది ఎందుకు పోయిందో తేల్చాలట. తెరిచింది ఆయనే, పక్కన రాధాకృష్ణమూర్తి గారున్నారు.

ఆయన ఇంటికొచ్చి ఏమీ తినలేదు. ప్లాస్టిక్ వైపు ఏమైందని అడిగాను.

"చెక్కుచెదర్లేదు."

"మరి?"

"కాగితం నల్లబడిపోయింది. పిండితే నీళ్ళొచ్చాయి."

"ఉప్పెన నీళ్ళేమో. అంత సముద్రం మీదనుంచి పోతే..."

"పై తొడుగు బిగువుగానే ఉంది. నీళ్ళు బయట్నుంచి రాలేదు అమ్మాజీ. మూసేటప్పుడే లోపల ఉన్నాయి."

20-1-78, శుక్రవారం

రాధాకృష్ణమూర్తి గారు ఇంటికొచ్చారు. కాఫీ ఇచ్చాను. సంచీలోంచి కాగితం తీశారు.

"ఏవయ్యా, నిన్ను దృష్టిలో పెట్టుకునే రాశాను. 'సీసం కేబుల్‌కీ ప్లాస్టిక్ కేబుల్‌కీ పొత్తు కుదరదు, అందువల్ల జాయింటు చెడింది.' ఇందులో నీ తప్పు లేదు, నా తప్పూ లేదు. కింద సంతకం పెట్టు."

నా ప్రాణం లేచొచ్చింది. గుమ్మం పక్కనుంచి ఆయన చేతినే చూస్తున్నాను. పెట్టండి, పెట్టండి అని లోపల అనుకుంటూనే ఉన్నాను.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"అతకడం అతికిందండీ. ప్లాస్టిక్ వైపు మీరే చూశారుగా. తడి కాగితం మీద మూశాను. అదీ సంగతి."

"ఎవరడిగారయ్యా నిన్ను? మూడేళ్ళలో రిటైరవుతావు. నోరు మూసుకుని సంతకం పెట్టవయ్యా బాబూ!"

"రేపు దివిసీమలో సగానికి సగం ఇలాంటి జాయింట్లే పడతాయి. అసలు అతకనే అతకవని మనం రాస్తే, చేసేవాడు అదెలాగూ పోయేదేననుకుని తడి చూసుకోడు. మళ్ళీ ఇంకో ఫోను మోగదు."

"అయితే ఎందుకు తడి ఉంచావని అడుగుతారు. ఏం చెప్తావు?"

ఆయన నావైపు చూడలేదు. చూడలేదని రాస్తున్నాను కానీ, చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డారో నాకు కనిపించింది.

"మైనం చాలలేదు. లెక్క చూసుకోలేదు. నా పొరపాటు."

రాధాకృష్ణమూర్తి గారు కాఫీ సగం వదిలేసి వెళ్ళారు. నేను లోపలికెళ్ళి ఉత్త గిన్నె తోమాను.

21-1-78

నిన్న సాయంత్రమే ఆయన నూర్ బీ దగ్గరికెళ్ళి అంతా చెప్పారట. ఫోను పోయింది తుఫానువల్ల కాదు, నా జాయింటు వల్ల అని. ఇవాళ ఆమె మెట్ల మీదకి రాలేదు.

25-1-78

నాలుగు రోజుల తర్వాత నూర్ బీ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆయన చెప్పులేసుకుంటుంటే ఎదురుగా నిలబడింది.

"మీమీద కోపం వచ్చింది బాబాయ్. చాలా వచ్చింది. నాలుగు రోజులూ తిట్టుకున్నాను. ఇంక తిట్టడానికి ఓపిక లేదు. కావాలని చేస్తారా మీరు? మీరైనా చెప్పారు. ఎవరూ చెప్పరు ఇలాంటివి."

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. ఆమె నా వైపు తిరిగి, "పిన్నిగారూ, మజ్జిగుంటే ఇవ్వండి" అంది. నబీ తాగే గ్లాసు తీసి ఇచ్చాను. ఇస్తూ చూసుకోక కొంచెం ఒలకబోశాను. పాపం బాబాయి సంగతి తలుచుకుని పిన్నిగారు కుమిలిపోతున్నారు, అని ఆమె నా చెయ్యి పట్టుకుంది.

1-2-78, బుధవారం

ఆర్డరొచ్చింది. ఆయన ఇక జాయింట్లు ముట్టుకోకూడదు. మిగిలిన మూడేళ్ళూ స్టోరులో కూర్చోవాలి. వెళ్ళేవాళ్ళకి సామాను లెక్కపెట్టి ఇవ్వాలి. సీసం, తీగ, మైనం బిళ్ళలు.

5-2-78, ఆదివారం

ఏసుపాదం అని ఐసు ఫ్యాక్టరీలో పనిచేసినవాడు వచ్చాడు. ఉప్పెన రోజు తాడిచెట్టు పట్టుకుని బతికాడు. నెత్తిన గోనెసంచి. నూర్ బీ ఇల్లు తెలియక మా గుమ్మం ముందు ఆగాడు. నేనే ఆమెను పిలిచాను. ఆయన కూడా బయటికొచ్చారు.

"ఫ్యాక్టరీ గుంట పూడిక తీస్తంటే దొరికిందండి. గుమస్తా గారిదని నాకు తెలుసు. బల్ల మీద పెట్టుకుని, గురువారం తెరుద్దాంరా ఏసుపాదం, నీకూ పెడతానన్నాడు." సంచిలోంచి జాడీ తీశాడు.

బురద కడిగి తెచ్చాడు. అంచున చిన్న పెచ్చు లేచింది. మూత చుట్టూ మైనం అలాగే ఉంది. ఎక్కడా సందు లేదు.

నూర్ బీ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు ఆయన ఏం చేశాడు?" అని అడిగింది.

ఏసుపాదం నేల చూశాడు. "పొద్దుట్నుంచీ ఫోను దగ్గరే ఉన్నాడండి. ఎత్తడం, చెవి దగ్గర పెట్టుకోడం, దించడం. పోదాం రండి గుమస్తా గారూ, బస్సు పోద్ది అన్నాను. 'నిజంగా పెద్ద గాలైతే బాబాయి ఫోను చేసి చెప్తాడ్రా. లైను ఆయన వేసిందే, ఏదో చేసి కలుపుతాడు. ఇప్పుడు మోగుద్ది చూడు' అన్నాడు. బస్సు పోయింది."

ఆయన లోపలికి వెళ్ళిపోయారు. మంచం కిర్రుమన్న చప్పుడు నాకు వినిపించింది. నూర్ బీ ఏడవలేదు. జాడీ ఎత్తుకుని వాళ్ళింటికెళ్ళింది.

6-2-78, సోమవారం

చెప్పేశాను. ఆయన స్టోరు నుంచి రాగానే, చొక్కా విప్పకముందే చెప్పాను. "రెండు బిళ్ళలు నేను తీశాను. పచ్చడి జాడీలకి."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు.

"తెలుసు."

"ఎప్పుడు?"

"గుంటలో పెట్టె తెరవగానే రెండే ఉన్నాయి. నేనే మర్చిపోయాననుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాక జాడీల వైపు చూశాను."

"అప్పుడే అడగొచ్చుగా!"

"అడిగితే ఏమవుతుంది? అప్పటికే మూసేసి వచ్చాను." కుర్చీలో కూర్చున్నారు. "ఈ జాయింటుకి నాలుగూ పట్టేవి. మైనం తక్కువైతే గిన్నెలో వేడి నిలవదు. చివర్లో కేబుల్ కాగితం ముక్క ఒకటి మరిగే మైనంలో వేసి చూస్తాం. చెమ్మ లేకపోతే మాట్లాడదు. అది చిటపటమంది. నేను విన్నాను అమ్మాజీ. ఆ రాత్రికి అక్కడుండి, మర్నాడు మైనం తెప్పించుకోవచ్చు. గుంటలోకి నీళ్ళూరుతున్నాయి, బస్సు వేళయింది. అతికి చూపిస్తానని అందరి ముందూ అన్నాను. చిటపటమంటున్నా మూశాను. నువ్వు తీసింది రెండు బిళ్ళలు. విని కూడా మూసింది నేను."

"కాగితంలో నా పేరు రాయాల్సింది."

"ఎందుకు? నీకు తేలికవడానికా?"

లేచి పనిపెట్టె తెరిచి, అడుగున గుడ్డ మడతలోంచి ఎర్ర బిళ్ళ తీసి నా చేతిలో పెట్టారు. "ఇది స్టోరుకి పనికిరాదు. కారం కలిసింది."

తర్వాత, ఎప్పటి గొంతుతోనే అన్నారు. "నా వంతు నేను నూర్ బీకి చెప్పాను. నీ వంతు నేను చెప్పను. అది నీది."

7-2-78

రేపు వెళ్తాను.

8-2-78

నూర్ బీ ఇంటికి చుట్టాలొచ్చారు. నలుగురిలో ఎలా?

10-2-78, శుక్రవారం

వెళ్ళాను. ఎర్ర బిళ్ళ కొంగున ముడేసుకుని వెళ్ళాను, మాట రాకపోతే అదైనా చూపిద్దామని.

ఒక్కతే ఉంది. ఇల్లు ఊడ్చి ఉంది. జాడీ కిటికీలో పెట్టింది. పెచ్చు లేచిన వైపు గోడకి తిప్పింది.

"తెరవలేదా?" అన్నాను.

"ఎలా తెరుస్తాను పిన్నిగారూ? ఆయన గురువారం తెరుస్తానన్నాడు. అందాకా ముట్టుకోవద్దని నాక్కూడా చెప్పాడు." జాడీ మీద లేని దుమ్ము కొంగుతో తుడిచింది. "ఆయన వస్తువు ఇంకేదీ దొరకలేదు. చెప్పు కూడా. ఇదొక్కటే సముద్రం ముట్టుకోలేదు."

నేను కూర్చున్నాను. కొంగు ముడి మీద చెయ్యి వేశాను. నూర్ బీ, నీకొక మాట చెప్పాలి, అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

ఆమే అడిగింది. "ఇది ఎన్నాళ్ళుంటుంది పిన్నిగారూ?"

"చెమ్మ తగలకపోతే ఎన్నేళ్ళయినా ఉంటుంది."

"తగలదు. ఎంత గట్టిగా మూశారో చూడండి. అంత నీళ్ళలో, అంత బురదలో రెండున్నర నెలలు." మూత చుట్టూ వేలు తిప్పింది, ఆ రోజు ఆయన తిప్పినట్టే. "ఈ మైనం మీరే వేశారా?"

"అవును. నేనే వేశాను."

"మీ చెయ్యి చల్లగుండాలి" అంది.

కాసేపు కూర్చుని వచ్చేశాను. ముడి విప్పి బిళ్ళని పప్పుల డబ్బా వెనక పెట్టాను.

మైనం ఎక్కడిదని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.